పాలు పడని బాలింత

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో చిన్నది అడిగింది కదా, పెద్దమ్మమ్మ అన్ని మాత్రలు రోజూ ఎందుకు మింగుతుందని. ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. మగపిల్లలు కూడా చదవండి.

1981లో మా అక్కకి, అంటే మీ పెద్దమ్మమ్మకి, రెండో కాన్పు ఇంట్లోనే అయింది. మాయ సగమే పడింది, రక్తం ఆగలేదు. జీపులో ఆస్పత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. రక్తం ఎక్కించారు, బతికింది. కానీ బిడ్డకి ఒక్క చుక్క పాలు పడలేదు. వెల్లుల్లి కారం, మెంతులు, బొప్పాయి కూర, ఏం పెట్టినా లాభం లేకపోయింది. బిడ్డ మీద ప్రేముంటే పాలు అవే పడతాయి అన్నారు కొందరు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

తర్వాత నెలసరి రాలేదు. పాలిచ్చే తల్లికి కొన్నాళ్లు రాదులే అన్నాం. అక్క పాలివ్వడమే లేదు కదా అని మాలో ఒక్కరికీ తట్టలేదు! చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయి, ఎండాకాలంలోనూ చలి అనేది, నాలుగు గిన్నెలు తోమితే కూలబడిపోయేది. బద్ధకం అన్నారు.

మెదడు కింద శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. పాలు రావాలన్నా, నెలసరి రావాలన్నా, థైరాయిడ్, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు పని చేయాలన్నా దాని ముందు భాగం నుంచే కబురు వెళ్లాలి. కడుపుతో ఉన్నప్పుడు అది ఉబ్బుతుంది, రక్తం ఎక్కువ కావాలి, కానీ దానికి రక్తం అందేదే తక్కువ ఒత్తిడితో. కాన్పులో విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోతే ఆ ముందు భాగం చచ్చిపోవచ్చు. గ్లాస్గోలో హెరాల్డ్ షీహాన్ అనే డాక్టరు, కాన్పు తర్వాత చనిపోయిన తల్లుల దేహాలను పరీక్షించి 1937లో దీన్ని వివరంగా రాశాడు. అందుకే షీహాన్ సిండ్రోమ్ అంటారు. ఇళ్లలో కాన్పులు ఎక్కువగా జరిగిన చోట ఇది ఎక్కువ, మన దేశంలో కశ్మీర్‌లో దీని మీద చాలా పరిశోధన జరిగింది.

అక్క సంగతి బయటపడింది 15 ఏళ్లకి. మామూలు జ్వరం, రెండు వాంతులు, అంతలోనే రక్తంలో సోడియం పడిపోయి స్పృహ తప్పింది. ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ రెండే ప్రశ్నలు అడిగింది: కాన్పులో రక్తం బాగా పోయిందా, పాలు పడ్డాయా? అంతకు ముందు ఎవరో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చేయించే హార్మోన్) ఒక్కటే చూసి థైరాయిడ్ బాగానే ఉందన్నారు. టీఎస్‌హెచ్ తయారయ్యేదే పీయూష గ్రంథిలో, ఆ గ్రంథే పాడైతే ఆ నంబరు నార్మల్‌గా కనిపించినా నమ్మడానికి లేదు. థైరాయిడ్ తయారుచేసే టీ4 కూడా చూడాలి, పొద్దున పూట కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే స్టెరాయిడ్ హార్మోన్) చూడాలి. మందుల్లో కూడా ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

స్టెరాయిడ్ అంటే చెడ్డదని ఎవరైనా చెప్తే వినకండి. అక్క ఒంట్లో తయారుకానిదే ఆమె మింగుతోంది, ఒక్కరోజు కూడా మానకూడదు. జ్వరం వస్తే డోసు రెట్టింపు చేయాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్ కోసం ఆస్పత్రికి వెళ్లాలి. డాక్టరమ్మ చెప్పినవన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. సెలవులకి వచ్చినప్పుడు ముందు ఆ కాగితం చదవండి. మేం ఇంట్లో లేనప్పుడు ఆ మాత్ర మీరే ఇవ్వాల్సి రావచ్చు.

మీ అమ్మమ్మ