జేబులో రెండు రాళ్లు

పెద్దదానికీ, చిన్నోడికీ,

మొన్న సెలవుల్లో మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే వంటింట్లోంచి అంతా విన్నాను. వాడు నిన్ను "డ్రమ్ము" అన్నాడు, నువ్వు వాణ్ణి "అగ్గిపుల్ల" అన్నావు, తర్వాత ఇద్దరూ ఏడ్చారు, అరగంటకి మళ్లీ కలిసి ఆడుకున్నారు. మీరు మర్చిపోయే ఉంటారు, నేను మాత్రం మర్చిపోలేదు. ఫోన్లో చెబుదామంటే రెండు నిమిషాలకే "సరే అమ్మమ్మా, ఉంటాను" అంటారు. అందుకే కాగితం తీశాను. కాస్త పొడుగే అవుతుంది, తీరిగ్గా చదవండి.

నేను ఇరవై ఆరేళ్లు బడి పిల్లల ఎత్తూ బరువూ చూసే నర్సుగా చేశానని మీకు తెలుసు. మొదటి నాలుగైదేళ్లు ఆ పని తప్పుగా చేశానని మాత్రం తెలీదు. పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కర్నీ వెయిట్ మిషన్ ఎక్కించి, ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకెని గట్టిగా అరిచేదాన్ని, అవతల బల్ల దగ్గర కూర్చున్నావిడ రాసుకోవాలి కదా అని. వరస మొత్తం వినేది. తక్కువ అంకెకి ఒక నవ్వు, ఎక్కువ అంకెకి ఇంకా పెద్ద నవ్వు. పని తొందరగా తెములుతోంది, నాకదే చాలు.

ఒకసారి ఐదో తరగతి కుర్రాడు మిషన్ దిగుతుంటే టప్పుమని ఏదో కింద పడింది. చూస్తే రాయి. చిరిగిన నిక్కరు జేబులోంచి జారింది. రెండో జేబులో ఇంకోటి ఉంది, గుప్పెడంత. ఎందుకురా అంటే కాసేపు నోరు విప్పలేదు, తర్వాత నా చెవి దగ్గరకొచ్చి "పోయినసారి మీరు పంతొమ్మిది అని అరిచారు కదా" అన్నాడు. ఏడాది పొడుగునా వాడి పేరు పంతొమ్మిదే అయిందట. అదే రోజు వరస చివర్లో ఒక అమ్మాయి గోడ పట్టుకుని నిలబడి ఉంది, మొహం పాలిపోయి. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు, నీళ్లు కూడా మానేసింది, అంకె కొంచెం తగ్గుతుందని. వాడు పెంచుకోవాలని, ఆ పిల్ల తగ్గించుకోవాలని, ఇద్దరూ నా గొంతుకి భయపడి చేసిన పనులే. మర్నాటి నుంచి మిషన్ని తలుపు వెనక్కి జరిపించాను, ఒక్కొక్కర్నే పిలిచి నేనే రాసుకునేదాన్ని. రోజుకి నలభై మంది తక్కువయ్యారు. పైవాళ్లు తిట్టారు, తిట్టనీ అనుకున్నాను.

తమాషా ఏమిటంటే, నేనంత గట్టిగా అరిచిన ఆ అంకెకి ఒంటరిగా పెద్ద అర్థమే లేదు. పదేళ్ల మగపిల్లలు ఇద్దర్ని ఊహించుకోండి, ఇద్దరూ 30 కిలోలే, కాకపోతే ఒకడి ఎత్తు 125 సెంటీమీటర్లు, ఇంకొకడిది 150. కిలోల్లో ఉన్న బరువుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదాన్ని బీఎంఐ అంటారు. పొట్టివాడికి 19.2 వస్తుంది, పొడుగువాడికి 13.3. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన పట్టికల్లో పదేళ్ల అబ్బాయికి నడిమి అంకె 16.4. అది 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం, 13.7 కంటే తగ్గితే బక్కచిక్కినట్టు లెక్క. చూశారా, అదే 30 కిలోలు ఒకడికి ఎక్కువ, ఇంకొకడికి తక్కువ. ఈ గీతలు ప్రతి వయసుకీ మారతాయి, ఆడపిల్లలకి వేరు, మగపిల్లలకి వేరు. కాబట్టి పెద్దదానా, ఫోన్లో పెద్దవాళ్ల కోసం పెట్టిన లెక్కలో నీ బరువు కొట్టి చూసుకుని టెన్షన్ పడకు. అసలు ఆ లెక్క కట్టిన కెట్‌లే అనే బెల్జియం ఆయన వైద్యుడు కూడా కాదు, 19వ శతాబ్దంలో జనాభా సగటులు లెక్కలేసిన గణితవేత్త.

ఆ 125 సెంటీమీటర్ల పిల్లాణ్ణి ఇంకోసారి చూడండి. బీఎంఐ చూసి "బొద్దుగా ఉన్నాడు, తిండి తగ్గించండి" అనేస్తారు చాలామంది. కానీ పదేళ్ల అబ్బాయి మామూలుగా 138 దరిదాపుల్లో ఉంటాడు. అంటే వీడి పొడవు ఎక్కడో ఆగిపోయింది. ఒంటికి తిండి చాలనప్పుడు ముందు బరువు ఎక్కడం ఆగుతుంది, ఆ కొరత నెలల తరబడి సాగితే ఎముక పొడుగు సాగడం కూడా తగ్గిపోతుంది. గిడసబారడం అంటామే, అది. ఎక్కువగా తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేలోపు జరిగే పని. తర్వాత ఎప్పుడో చవకగా నూనే, చక్కెరా, పిండీ దొరికితే బరువు ఎక్కుతుంది గానీ పోయిన పొడవు అంత సులువుగా తిరిగి రాదు. చిన్నప్పటి ఆకలి, ఇప్పటి లావు, రెండూ ఒకే పిల్లాడి ఒంట్లో ఉన్నాయి. మీరిద్దరూ ఒకర్నొకరు వెక్కిరించుకున్న ఆ రెండు మాటల్నీ వీడొక్కడే మోస్తున్నాడనుకోండి.

దీనికి ఒక కథ ఉంది, నిజంగా జరిగిందే. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో యుద్ధం వల్ల తిండి దొరక్క ఘోరమైన కరువొచ్చింది. ఆ సమయంలో తల్లి కడుపులోనో, పుట్టిన కొత్తలోనో ఉన్నవాళ్లూ, ఆ కరువు చూడనివాళ్లూ 19 ఏళ్లవాళ్లయ్యాక సైన్యంలో చేర్చుకోవడానికి కొలతలు తీశారు కదా, ఆ లెక్కల్ని, దాదాపు మూడు లక్షల మంది యువకులవి, పరిశోధకులు తిరగేశారు. 1976లో ఆ సంగతి అచ్చయింది. గర్భం మొదటి సగంలో తల్లి పస్తులున్నవాళ్లలో ఊబకాయం ఎక్కువగా కనిపించింది. గర్భం చివర్లో, పుట్టిన కొత్తలో కరువు చూసినవాళ్లలో మాత్రం తక్కువే. లావుకి కారణం ఎప్పుడూ తిండిపోతుతనమే అనేవాళ్లకి నేను ఈ కథే చెబుతాను. మనిషి పుట్టకముందే మొదలైన లెక్కకి ఆ మనిషిని పట్టుకుని తిడితే ఎలా?

ఇప్పుడు పెద్దదాని సంగతి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, లావు వల్లేనని నువ్వే తీర్పు చెప్పుకున్నావు. కావచ్చు. కానీ నేనైతే ముందు రక్తంలో హిమోగ్లోబిన్, అదే ప్రాణవాయువుని మోసే ఐరన్ పదార్థం, ఎంతుందో చూపించమంటాను, మీ అమ్మకి కూడా ఆ మాట రాస్తున్నాను. కేలరీలు నిండుగా ఉన్నా ఐరన్ లేని తిండి ఉంటుంది. కడుపు నిండుతుంది, రక్తం పలచబడుతుంది. పైగా ఒంట్లో కొవ్వు ఎక్కువైతే వాపు లాంటిది ఒకటి సన్నగా సాగుతూ ఉంటుంది, అప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని ఎక్కువ వదులుతుంది, అది పేగుల్లోంచి ఐరన్ లోపలికి రాకుండా తలుపేస్తుంది. దానికి తోడు నీ వయసు పిల్లలకి నెలనెలా రక్తం పోతుంది. అంటే చూడ్డానికి నిండుగా ఉన్న పిల్ల లోపల కొరతతో ఉండొచ్చు. క్లాసులో నిద్రొస్తే బద్ధకం అంటారు, ఆటలో వెనకబడితే లావు అంటారు, పాలిపోయిన కనురెప్ప లోపలి వైపు ఎవరూ తిప్పి చూడరు. ఇంకొకటి, భోజనం చేస్తూ టీ తాగే అలవాటుంటే మానెయ్, అది ఐరన్‌ని పట్టేసుకుంటుంది. నారింజ, నిమ్మ లాంటి పులుపు పండ్లు మాత్రం ఆకుకూరల్లోని ఐరన్‌ని ఒంటికి పట్టేలా చేస్తాయి.

చిన్నోడా, నీ విషయానికొస్తే, సన్నగా ఉన్న ప్రతివాడూ జబ్బుమనిషి కాడు. కొందరి ఒళ్లే అంత. ఏటా నీ ఎత్తూ బరువూ పట్టీలో చుక్కలు పెట్టి కలిపితే ఒక గీత వస్తుంది, అది దాని దారినే పైకి పోతుంటే దిగుల్లేదు. గీత అడ్డంగా సాగితేనో, కిందికి వంగితేనో అప్పుడు అడగాలి. అడగాల్సిందల్లా "ఏం తింటున్నాడు" ఒక్కటే కాదు. తిన్నది ఎవరు తింటున్నారో కూడా చూడాలి. నవ్వకు. కొంకిపురుగులు మట్టిలోంచి ఉత్త కాళ్ల చర్మంలోకి దూరి, తిరిగి తిరిగి పేగుల్లో చేరి అక్కడ రక్తం పీలుస్తాయి. మట్టి ద్వారా వచ్చే పురుగులు ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందికి ఉన్నాయని అంచనా. నువ్వు చెప్పులు గోడ దగ్గర వదిలేసి పరిగెత్తడం చూశాను, అందుకే ఇది రాస్తున్నాను. బళ్లో నులిపురుగుల మాత్ర ఇస్తే చెట్టు వెనక పారెయ్యకుండా నమిలి మింగు. మాటిమాటికీ విరేచనాలైతే కూడా అంతే, నీళ్లు మంచివి కాకపోతే తిన్నది ఒంట పట్టదు, ఎంత పెట్టినా చిల్లుకుండే.

మీ కాలం మాటేమో గానీ నా రోజుల్లో లెక్క సులువుగా ఉండేది. బక్క పిల్లలు పల్లెలో, లావు పిల్లలు పట్నంలో, అదీ డబ్బున్న ఇళ్లలో. ఇప్పుడు అలా చెప్పలేం. 200 దేశాల్లో 1990 నుంచి 2020 దాకా దాదాపు 7 కోట్ల 10 లక్షల మంది పిల్లలూ యువతా కొలతలు పోగేసి 2023లో అచ్చేసిన ఒక పెద్ద పరిశోధనలో, పట్నం పిల్లలకీ పల్లె పిల్లలకీ ఎత్తులో, బీఎంఐలో ఉన్న తేడా చాలా దేశాల్లో తరిగిపోతోందని తేలింది. పల్లెకి రోడ్డొస్తే దాని మీద పుస్తకాలు వస్తాయి, మందులు వస్తాయి, ప్యాకెట్లు కూడా వస్తాయి, నిజానికి ప్యాకెట్లే ముందొస్తాయి. నడిచిపోయే దూరానికి బండి వస్తుంది. అటు పట్నంలో ఒకే వీధిలో ఈ చివర కడుపు నిండని ఇల్లు, ఆ చివర ఆడుకోడానికి చోటే లేని మేడ. 2000లో 5 నుంచి 19 ఏళ్ల లోపువాళ్లలో ప్రపంచం మొత్తం మీద నూటికి దాదాపు 13 మంది తక్కువ బరువుతో ఉండేవాళ్లు, ఊబకాయం ఉన్నవాళ్లు ముగ్గురే. ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యునిసెఫ్ 2025లో ఇచ్చిన లెక్క ప్రకారం ఇప్పుడు తక్కువ బరువు 9.2, ఊబకాయం 9.4. మొదటిసారి రెండోది మొదటిదాన్ని దాటింది. ఇరవై ఐదేళ్లలో పిల్లల బుద్ధి ఇంతలా మారిపోదు గదా, మారింది వాళ్ల చుట్టూ దొరికేది.

దొరికేదంటే కూల్‌డ్రింకే చూడండి. 330 మిల్లీలీటర్ల డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, చిన్న చెంచాతో కొలిస్తే తొమ్మిది చెంచాలకి కాస్త అటూఇటూ. ఒక గ్లాసు నీళ్లలో అంత చక్కెర కలిపి ఇస్తే మీకు వెగటు పుడుతుంది, నేను బళ్లో పిల్లల ముందు కలిపి చూపించాను, వెనక బెంచీ వీరుడొకడు తాగి బయటికి పరిగెత్తాడు. చల్లదనం, గ్యాసు, పులుపు కలిస్తే ఆ తీపి నాలుకకి అంతగా తెలీదు. రోజుకి 2000 కేలరీలు కావాల్సిన పిల్లకి అలా కలిపే చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. తాగిన కేలరీలకి కడుపు లెక్క రాసుకోదు, కాసేపటికి మళ్లీ ఆకలే. ప్యాకెట్ వెనక పదార్థాల పేర్లుంటాయి కదా, ఎక్కువ ఉన్నదే ముందు రాస్తారు. మొదటి మూడు పేర్లు చదివి చూడండి చాలు.

పెద్దదానా, రాత్రి తినడం మానేశావని మీ అమ్మ చెప్పింది. వద్దు. ఎదిగే ఒళ్లు అది. నీ వయసులో చాలామందికి బరువు దించాల్సిన పనే ఉండదు, ఉన్నచోట నిలబెడితే పొడవు పెరుగుతూ దాన్ని సర్దేస్తుంది. ఒకపూట మాడితే మర్నాడు సాయంత్రం కనబడ్డదల్లా తింటావు, తిని ఏడుస్తావు. దానికంటే పొద్దున ఒక గుడ్డో, పప్పుగింజలో, ఒక పండో తిని బడికి వెళ్లు, ఫోను మంచం మీద నుంచి తీసెయ్. పదమూడేళ్లు దాటినవాళ్లకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, చిన్నోడికి తొమ్మిది తగ్గకూడదు. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదికే పోతుంది, కావాలంటే పరీక్షల రోజుల్లో గమనించుకో. ఆట రోజుకి గంట అన్నారు, ఒక్క దెబ్బకి గంట ఆడక్కర్లేదు, పదేసి నిమిషాలు కలిసినా గంటే. ఆడపిల్లలకి గ్రౌండులో చోటివ్వకుండా గోడ పక్కన నిలబెట్టే బళ్లు ఎన్నో చూశాను, మీ బడి అలాంటిదైతే నలుగురూ కలిసి వెళ్లి అడగండి, ఒక్కరే వెళ్తే వినరు.

అడిగితే మారుతుందా అంటే, మారిన చోట్లున్నాయి. చిలీ దేశంలో 2016 నుంచి చక్కెరో, ఉప్పో, కొవ్వో, కేలరీలో హద్దు దాటిన ప్యాకెట్ మీద నల్లటి ఎనిమిది మూలల గుర్తు వేసి తీరాలి. ఆ గుర్తున్నవాటి మీద పిల్లల్ని లాగే బొమ్మలు వేయకూడదు, బళ్లలో అమ్మకూడదు. అందులో ఏ పిల్లనీ లావు అనలేదు, ఏ పిల్లాణ్ణీ బక్కోడా అనలేదు, ప్యాకెట్‌ని అన్నారు. నాకు నచ్చింది అదే.

చెయ్యి నొప్పెడుతోంది, ఆపుతాను. వచ్చే సెలవులకి వచ్చినప్పుడు తలుపు చెక్క మీద పెన్సిల్ గీతలు పెడదాం, పోయిన ఏడాదివి ఇంకా చెరగలేదు. చిన్నోడు మడమలు ఎత్తకూడదు, నాకు తెలుసు వాడి సంగతి. ఈలోగా నాకో జవాబు రాయండి. మీ బళ్లలో బరువు చూసేటప్పుడు ఎక్కడ చూస్తున్నారు, అందరి ముందా? అంకె పైకి చదువుతున్నారా? చదువుతుంటే ఎవరు చదువుతున్నారో రాయండి, ఆవిడకి నేనే ఒక ఉత్తరం రాసుకుంటాను, ఒకప్పుడు నేనూ అరిచినదాన్నే కదా, నా మాట వింటుందేమో.

మీ అమ్మమ్మ