బ్రిటన్‌లో సైకిల్ రేసింగ్ లైసెన్స్: కొత్తగా వచ్చినవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వచ్చి, ఇక్కడ సైకిల్ రేసుల్లో దిగాలనుకునే మనవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. క్లబ్‌లో కొత్తవాళ్లకి గుంపులో తొక్కడం నేర్పుతుంటాను కాబట్టి తరచూ నా చెవిన పడేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేదా పీఆర్ ఉంటేనే లైసెన్స్ ఇస్తారు.

వాస్తవం: చూసేది పౌరసత్వం కాదు, నివాసం. అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ నియమం ప్రకారం మీరు ప్రధానంగా ఏ దేశంలో ఉంటున్నారో ఆ దేశపు సమాఖ్యే లైసెన్స్ ఇస్తుంది. ఇక్కడ అది బ్రిటిష్ సైక్లింగ్. మెంబర్‌షిప్ తీసుకుని, లైసెన్స్ ఫీజు కడితే సరిపోతుంది, అంతా ఆన్‌లైన్‌లోనే. లైసెన్స్ మీద జాతీయత మాత్రం ఇండియాగానే ఉంటుంది. ఇండియాలో సీఎఫ్ఐ (మన దేశపు సైక్లింగ్ సమాఖ్య) లైసెన్స్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: ఒకే సమయంలో రెండు దేశాల రైడర్ లైసెన్సులు పెట్టుకోకూడదు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది వీసా దగ్గర. స్టూడెంట్ వీసా మీద ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా పనిచేయకూడదన్న షరతు ఉంది. సరదా కోసం రేసులకి వెళ్లేవాళ్లకి దీంతో ఇబ్బంది లేదు. కానీ ఆ నిర్వచనం మనం ఊహించేదానికంటే విశాలమైనది. గత రెండేళ్లలో దేశం తరఫునో, రాష్ట్రం తరఫునో పోటీ చేసినవాళ్ల ప్రస్తావన కూడా అందులో ఉంది. మీరు అలాంటివాళ్లయితే, లేదా కోచింగ్ ఇచ్చి డబ్బు తీసుకునే ఆలోచన ఉంటే, ముందు యూనివర్సిటీలో ఇమిగ్రేషన్ సలహాదారుని కలవండి. వాట్సాప్ గ్రూపులో అడిగి ఊరుకోవద్దు.

అపోహ: లైసెన్స్‌కి ఏదో టెస్ట్ పాసవ్వాలి.

వాస్తవం: ఆర్టీవో ఆఫీసులో ఎనిమిది వేయించినట్టు ఇక్కడ ఎవరూ మిమ్మల్ని తొక్కించి చూడరు. మీ వాట్స్ (పెడల్ మీద పెట్టే బలం) ఎంతని అడగరు, మెడికల్ సర్టిఫికెట్ అడగరు. కొత్తవాళ్లు అన్నిటికంటే కిందిదైన నాలుగో కేటగిరీలో మొదలవుతారు, అంతే.

నాకు భయం వేసేది సరిగ్గా అక్కడే. కార్డు చేతికొచ్చిన వారానికే ముప్పై నలభై మంది గుంపులో, గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో మలుపు తిరగాల్సి రావచ్చు. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండ్) మీద ఎంత బలంగా తొక్కేవారైనా, పక్కవాడి మోచెయ్యి తగిలితే ఏం చేయాలో అది నేర్పదు. మీ ముందు చక్రం ముందున్న వ్యక్తి వెనక చక్రం పక్కకి చొచ్చుకుపోయిందనుకోండి. ఆయన కొంచెం జరిగి చక్రాలు తగిలితే సాధారణంగా పడేది మీరే, మీ మీద మీ వెనకవాళ్లు. ఆయన మాత్రం హాయిగా వెళ్లిపోతాడు. అందుకే కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేవి వేగం గురించి కాదు. మలుపులో మొదలుపెట్టిన గీతమీదే బయటికి రావాలి. లోపలి వైపు పెడల్ పైకి ఉండాలి. బ్రేక్ మలుపుకి ముందే వేసుకోవాలి, గుంపు మధ్యలో హఠాత్తుగా నొక్కకూడదు. చూపు ముందున్న టైరు మీద కాకుండా ఇద్దరు ముగ్గురు రైడర్ల అవతల ఉండాలి. ఇవి వారాల తరబడి క్లబ్ రైడ్లలో తొక్కితేనే ఒంటబడతాయి. లైసెన్స్ కంటే ముందు క్లబ్‌లో చేరమనేది ఇందుకే.

అపోహ: ఇండియాలో 600 బీఆర్ఎం (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరప్రయాణ రైడ్, దీన్నే బ్రెవే అంటారు) చేశాను, నేరుగా పై కేటగిరీ ఇస్తారు.

వాస్తవం: ఇవ్వరు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లలో ఇది బాగా వింటాను. 40 గంటల్లో 600 కిలోమీటర్లు పూర్తి చేయడం చిన్న విషయం కాదు, కానీ బ్రెవే రేసు కాదు, అందులో ర్యాంకులు ఉండవు. పైగా ఇక్కడి సర్క్యూట్ రేసు చాలాసార్లు గంటలోపే అయిపోతుంది. కావాల్సింది రోజంతా తొక్కే ఓపిక కాదు, ప్రతి మలుపు తర్వాతా మళ్లీ మళ్లీ వేగం అందుకోవడం.

అపోహ: లక్షలు పెట్టి కార్బన్ సైకిల్ కొనాలి.

వాస్తవం: అక్కర్లేదు. మంచి బ్రేకులు, మంచి టైర్లు, హ్యాండిల్ చివర్లకి మూతలు ఉన్న అల్యూమినియం రోడ్ బైక్ చాలు. మెంబర్‌షిప్‌తో వచ్చే బాధ్యతా బీమా మీవల్ల ఇతరులకి జరిగే నష్టానికి. విరిగిన మీ ఫ్రేముకి కాదు.

అపోహ: పూర్తి లైసెన్స్ లేకపోతే ఏ రేసులోనూ దిగలేం.

వాస్తవం: కిందిస్థాయి రేసులు చాలావాటికి డే లైసెన్స్ (ఆ ఒక్క రోజుకే) దొరుకుతుంది, పై కేటగిరీకి వెళ్లడానికి కావాల్సిన పాయింట్లు మాత్రం లెక్కలోకి రావు. సైక్లోక్రాస్‌కీ (బురద, గడ్డి దారుల మీద జరిగే రేసు) ఇలాగే వెళ్లొచ్చు. ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్స్‌ది వేరే సంస్థ, సీటీటీ. దానికి బ్రిటిష్ సైక్లింగ్ లైసెన్సే అవసరం లేదు.

ఈ వేరు కుంపటి వెనక పాత కథ ఉంది. ఒకప్పుడు ఇక్కడి సైక్లింగ్ సంఘం ఎన్‌సీయూ, పోలీసులతో తగాదా ఎందుకని, రోడ్ల మీద గుంపు రేసుల్ని నిషేధించింది. అందుకే నల్ల బట్టలు వేసుకుని, తెల్లవారుజామున, రూటుకి కోడ్ పేరు పెట్టి, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడేవారు. 1942లో పెర్సీ స్టాలార్డ్ అనే ఆయన లాంగోలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్ దాకా గుంపు రేసు పెట్టి ఆ నిషేధాన్ని ధిక్కరించాడు. గుంపు రేసులు కోరినవాళ్లూ, ఎన్‌సీయూ వాళ్లూ 1959లో కలిసిపోయినా, టైమ్ ట్రయల్ రూట్లకి కోడ్ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. కొత్తవాళ్లకి క్లబ్బులు సాయంత్రాలు పెట్టే పది మైళ్ల టైమ్ ట్రయల్ మంచి మొదలు. నిమిషానికొకరు బయల్దేరతారు కాబట్టి ఎవరినీ గుద్దే అవకాశం తక్కువ. ముందూ వెనకా లైట్లు మాత్రం తప్పనిసరి.

ట్రాక్ (వెలోడ్రోమ్ అనే వాలు అంచుల రేసింగ్ ప్రాంగణం) మీద లైసెన్స్ ఒక్కటే సరిపోదు. బ్రేకులు లేని, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరిగే ఫిక్స్‌డ్ గేర్ సైకిళ్లవి. లండన్ లీ వ్యాలీ వెలోడ్రోమ్‌లో నాలుగు దశల అక్రెడిటేషన్ (తొక్కడం వచ్చని చూసి ఇచ్చే అర్హత) ఉంటుంది. పైన నేను టెస్ట్ లేదన్నది రోడ్డు గురించి మాత్రమే.

అపోహ: రోడ్ రేస్ అంటే రోడ్డు మూసేస్తారు.

వాస్తవం: టీవీలో చూసేవాటికి సరే. మామూలు అమెచ్యూర్ రేసుల్లో ఎదురుగా కార్లు వస్తూనే ఉంటాయి. మధ్య గీత దాటితే కమిసేర్ (రేసు అధికారి) మిమ్మల్ని రేసులోంచి తీసేయొచ్చు. మన దగ్గరలాగే ఇక్కడా ఎడమవైపే, అదొక్కటే ఊరట. మొదటి రేసులు ట్రాఫిక్ లేని సర్క్యూట్ల మీద, లండన్‌లోని హిల్లింగ్డన్ లాంటి చోట్ల, తొక్కండి.

అపోహ: ఎంత త్వరగా పై కేటగిరీకి వెళితే అంత మంచిది.

వాస్తవం: నాలుగు నుంచి మూడుకి 12 పాయింట్లు, మూడు నుంచి రెండుకి 40. ఒకసారి మూడులోకి వెళ్లాక మళ్లీ నాలుగుకి దించరు, నాలుగో కేటగిరీ వాళ్లకి మాత్రమే పెట్టే రేసులకి ఇక మీకు ఎంట్రీ ఉండదు. గుంపులో ఇంకా బిగుసుకుపోయి తొక్కుతున్నవాళ్లు, నాలుగో కేటగిరీలో ఒక సీజన్ అంతా ఉండిపోయినా నష్టమేమీ లేదు.