చిన్న పడవ వేట దండగేనా? అపోహలు - వాస్తవాలు

నాలుగేళ్లు గుజరాత్‌లోని వెరావల్‌లో మరబోటు మీద కలాసీగా (వల లాగే పనివాడిగా) చేశాను. ఆ తర్వాత శ్రీకాకుళం తీరంలోని మా ఊరికి వచ్చేసి అన్నయ్యతో కలిసి ఫైబర్ పడవ వేసుకున్నాను. రెండు వేటలూ చేసినవాణ్ణి కనుక రాస్తున్నాను.

అపోహ: చేపలు తెచ్చిపెట్టేది పెద్ద బోట్లే. చిన్న పడవలు పొట్టకూటికి మాత్రమే.

వాస్తవం: సముద్రం, నదులు, చెరువులు కలిపి ప్రపంచంలో వేటాడే చేపల్లో కనీసం 40 శాతం చిన్న తరహా వేటదే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023లో చెప్పిన లెక్క ఇది.

అపోహ: ఎక్కువ చేప తెచ్చిన బోటుకే ఎక్కువ మిగులు.

వాస్తవం: మరబోటు వేసే ట్రాల్ వలని సముద్రం అడుగున గంటల తరబడి ఈడ్చాలి. డీజిల్ చాలావరకు ఆ ఈడుపుకే పోతుంది. వల ఎత్తి డెక్కు మీద గుమ్మరించాక గొంతుక్కూర్చుని ఏరేవాళ్లం. రొయ్యల మధ్య వేలెడంత చేపపిల్లలు, పీతలు, నత్తలు. ధర పలికేది ఐసులోకి. మిగతాదాంట్లో కొంత చెత్తచేప కింద దాణా మిల్లుకి, కొంత చచ్చాక మళ్లీ నీళ్లలోకి. ప్రపంచం మొత్తమ్మీద ఏటా సుమారు 90 లక్షల టన్నులు ఇలా నీళ్లలోకి పారబోస్తున్నారు. అందులో దాదాపు సగం అడుగు ట్రాలింగ్‌దే.

మా చిన్న పడవల్లో వేసే నరంవల (సన్నటి నైలాన్ దారపు వల) కదలదు. చేపే వచ్చి మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. కానాగర్త చేపలకి సరిపడా కన్ను (రంధ్రం) ఉన్న వలలోంచి పిల్లచేప జారిపోతుంది. ఇంజన్ తిరిగేది పోయేటప్పుడు, వచ్చేటప్పుడే. ఒక్కో చేపనీ చేత్తో విడదీస్తాం, తెల్లారేసరికి ఒడ్డున ఉంటాం. నలగని చేపకి వేలంపాటలో రేటు వేరు. ఆయిలు, భోజనాల ఖర్చు తీశాక మిగిలిందే పడవకీ, వలకీ, మనుషులకీ వాటాలవుతుంది. తట్టల లెక్క కాదు, ఆ మిగులు చూడాలి.

అపోహ: చిన్న పడవతో సముద్రానికి హాని లేదు.

వాస్తవం: ఈ మాట మనవాళ్లే అంటారు, నేను ఒప్పుకోను. సన్నకన్ను వలతో ఒడ్డువారన పిల్లల్ని ఊడ్చేస్తే అదీ నష్టమే. తెగిపోయిన నరంవల కుళ్లదు, నీళ్లలో చేపల్ని చంపుతూనే ఉంటుంది. పాత ఇంజన్‌తో చేప కోసం దూరం పరిగెడితే ఆయిలులో ఆదా అన్న మాటే ఉండదు.

అపోహ: రేటు ఒడ్డున పాటలోనే తేలుతుంది.

వాస్తవం: వలకి అప్పు తెచ్చిన రోజే తేలిపోతుంది. అప్పిచ్చిన వ్యాపారికే చేప వేయాలి, ఆయన చెప్పిందే ధర. చిన్న తరహా రంగంలో పనిచేసే ప్రతి పదిమందిలో నలుగురు ఆడవాళ్లు. ఎండబెట్టేదీ, అమ్మేదీ వాళ్లే, అయినా పెట్టుబడి దగ్గర వాళ్లని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మేం అప్పు తీర్చేశాక రెండు ఐసు పెట్టెలు కొన్నాం. ఇప్పుడు మా వదిన పొద్దున్నే ఆటోలో వంజరం చేపలు వేసుకుని టౌనుకి వెళ్తుంది. రేటు తనే చెబుతుంది.