పంపు కాదు, ముందు నాజిల్

“పైకప్పు మీద నల్ల చారలు పోవాలంటే ఎన్ని బార్ల పంపు కొనాలి?” అని ఒక పాఠకుడు అడిగారు. పెట్టె మీద బార్ల (పీడనానికి కొలత) అంకె ఎంత పెద్దదైతే పని అంత బాగా అవుతుందన్న మూఢనమ్మకం చాలామందికి ఉంది. తారు షింగిల్స్ (పైకప్పు మీద పెంకుల్లా పరిచే తారు పలకలు) మీది ఆ చారలు చాలావరకు మసి కాదు, గ్లియోకాప్సా మాగ్మా అనే సయనోబాక్టీరియా (ఎండతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవి). ఎండకు తట్టుకోవడానికి అది కప్పుకున్న పూతే మనకు నల్లగా కనిపిస్తుంది. దాన్ని మందుతో చంపాలి. 100 బార్ల దగ్గర నీళ్లు సెకనుకు 140 మీటర్ల వేగంతో దూసుకొస్తాయి. చారలతో పాటు షింగిల్స్ మీది రేణువులూ ఊడిపోతాయి. కాబట్టి పలచటి బ్లీచ్‌ను నాలుగైదు బార్ల దగ్గర చల్లి, కాసేపు వదిలేసి, మెల్లగా కడిగితే చాలు.

ఇక అసలు మజా నాజిల్ (పైపు చివర నీళ్లు చిమ్మే మూతి) రంధ్రంలో ఉంది. రంధ్రం గుండా పోయే నీళ్లు పీడనంతో సమానంగా పెరగవు, దాని వర్గమూలంతో పెరుగుతాయి. 4 బార్ల దగ్గర నిమిషానికి 8 లీటర్లు వదిలే నాజిల్ ఉందనుకోండి. దాని నుంచే 16 లీటర్లు కావాలంటే 8 బార్లు సరిపోవు, 16 కావాలి. పీడనం నాలుగింతలు, నీళ్లు రెండింతలు, అంటే పంపు పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు! లెక్క వేస్తే 53 వాట్ల పని కాస్తా 427 వాట్లు అవుతుంది. అదే 4 బార్ల దగ్గర ఉండి, రంధ్రం వ్యాసాన్ని 1.4 రెట్లు చేస్తే? వైశాల్యం రెట్టింపవుతుంది, 16 లీటర్లూ వస్తాయి, ఖర్చు 107 వాట్లే. పైగా ధార వేగం పెరగదు కాబట్టి పైకప్పుకూ ఏమీ కాదు.

ఇదే వర్గమూలం ఎత్తు విషయంలో మన పక్షాన ఉంటుంది. 10 మీటర్లు పైకెక్కితే దాదాపు 1 బార్ పోతుంది. 4లో 3 మిగిలినా నీళ్లు పావు వంతు తగ్గవు, 13 శాతమే తగ్గుతాయి. సన్నటి పొడవాటి పైపుతో మాత్రం జాగ్రత్త. అక్కడ రాపిడికి పోయే పీడనం ఎత్తుకు పోయేదాన్ని మించిపోవచ్చు.

బడిలో దీన్ని సగమే చెబుతారు. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే దారి ఇరుకై వేగం పెరిగిందంటారు. కానీ వేలు పెట్టగానే వచ్చే నీళ్లే తగ్గుతాయిగా! నీళ్లు తగ్గితే పైపులో రాపిడి నష్టం తగ్గుతుంది, మూతి దగ్గర పీడనం పెరుగుతుంది, వేగం దాని నుంచి వస్తుంది.

అలాగని రంధ్రం మరీ సన్నదైతే తుంపర పొగమంచులా అవుతుంది. 0.1 మిల్లీమీటర్ చుక్క సెకనుకు పావు మీటరు చొప్పునే దిగుతుంది. 3 మీటర్ల ఎత్తు నుంచి కింద పడేలోగా చిరుగాలికే 20 మీటర్లు కొట్టుకుపోయి, బ్లీచ్‌తో సహా పక్కింటి మొక్కల మీదో మీ కళ్లలోనో పడుతుంది. పెద్ద చుక్కలిచ్చే, రంధ్రం పెద్దదైన ఫ్యాన్ నాజిలే (ధారను విసనకర్రలా పరిచేది) నయం.

అంటే నిమిషానికి ఎన్ని లీటర్లు కావాలో, ఏ ఫ్యాన్ కావాలో ముందు తేల్చుకుని, దానికి తగిన డయాఫ్రమ్ పంపు (సాగే పొర కదలికతో నీళ్లు తోసేది) వెతకాలి. ప్రెషర్ స్విచ్ (పీడనం పెరిగితే పంపును ఆపి, తగ్గితే నడిపేది) ఉన్న పంపుకు చిన్న నాజిల్ తగిలిస్తే టకటకా ఆగుతూ నడుస్తూ ఉంటుంది. ఆ చప్పుడు పంపు పాడైందని కాదు, జత కుదరలేదని. బ్లీచ్ ఇత్తడిని తినేస్తుంది, కాబట్టి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ నాజిల్, వైటాన్ (రసాయనాలను తట్టుకునే రబ్బరు) లాంటి సీళ్లు తీసుకోండి. బ్లీచ్‌లో యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

నాజిల్ కొన్న రోజే మంచినీళ్లతో ఒక నిమిషం బకెట్‌లోకి వదిలి, ఎన్ని లీటర్లో రాసి పెట్టుకోండి. తర్వాత అదే పీడనం దగ్గర అంతకన్నా 10 శాతం ఎక్కువ వస్తే రంధ్రం అరిగినట్టే, మార్చేయండి.