కుక్కపిల్ల కోరపన్ను మీద మూడు గీతలు

నెల్లూరు జిల్లా నుంచి సోషల్ చెప్పే టీచర్ గారు ఒకరు ఫోన్ చేశారు. క్లాసులో ఈజిప్టు పాఠం నడుస్తోందట. "వాళ్ళు పిల్లిని దేవతగా కొలిచేవారు, చనిపోతే మమ్మీ చేసి పూడ్చేవారు అని చెప్పానండి. వెనక బెంచీలోంచి ఒక పాప లేచి, 'మరి అన్నేసి పిల్లులు ఎలా చనిపోయాయి టీచర్?' అంది. ఏం చెప్పాలో తోచలేదు" అన్నారు.

నాకు ఆ పాపను చూడాలనిపించింది. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అడిగింది.

1981లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోని పిల్లి మమ్మీల ఎక్స్‌రేల ఫలితాలు వచ్చాయి. చాలావాటి వయసు ఒకటి నుంచి నాలుగు నెలల లోపే. మరికొన్నిటిది తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. ముసలి పిల్లులు అరుదు. కొన్నిటికి మెడపూసలు తొలిగిపోయి ఉన్నాయి. మెడ విరిచి చంపారన్నమాట. పిల్లి రూపంలో కొలిచే బాస్తెత్ దేవతకి మొక్కు చెల్లించడానికి వచ్చే భక్తుల కోసం పిల్లుల్ని పెంచి, సైజు రాగానే చంపి, గుడ్డ చుట్టి ఇచ్చేవారు. ఈజిప్టులోనే సక్కారా అనే చోట, నక్క తల ఉండే అనూబిస్ దేవుడి పేరున తవ్విన సొరంగాల్లో 80 లక్షల దాకా జంతువులు ఉండేవని ఒక అంచనా. అందులో ఎక్కువ భాగం కుక్కలు, వాటిలో చాలా మటుకు కళ్ళు కూడా తెరవని పిల్లలు. 2015లో మాంచెస్టర్ పరిశోధకులు 800కి పైగా జంతు మమ్మీలను స్కాన్ చేసిన సంగతి వార్తల్లోకి వచ్చింది. దాదాపు మూడో వంతు మూటల్లో జంతువు ఎముకే లేదు. మట్టి, పుల్లలు, రెల్లు ఉన్నాయి.

అదే ఈజిప్టు గురించి క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఇంకో సంగతి రాశాడు. ఇంట్లో పిల్లి తనంతట తాను చనిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గీయించుకునేవారట. కుక్క చనిపోతే తలా ఒళ్ళూ అంతా. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఇంట్లో తిరిగే పిల్లి వేరు, మొక్కుకి కొన్న పిల్లి వేరు. కానీ పైన గుడ్డచుట్టు మాత్రమే చూస్తే రెండిటికీ తేడా తెలియదు.

జంతువుల సమాధుల గురించి రాసేవాళ్ళు గోతిలో ఏం పెట్టారు, తల ఏ దిక్కున ఉంది, పక్కన పూసలున్నాయా అని చూస్తారు. అవన్నీ చూడాల్సినవే. అయితే పూడ్చిపెట్టడం ఒక పూట పని. అంతకుముందు ఆ జంతువు మనుషుల మధ్య ఎన్ని నెలలు, ఎన్నేళ్ళు ఎలా బతికిందో ఎముకల్లో, పళ్ళల్లో రాసి ఉంటుంది. సమాధికి అర్థం నేను ముందు అక్కడే వెతుకుతాను. ఎందుకో చెప్పడానికి నాకు ఒక కుక్కపిల్ల పన్ను చాలు.

1914లో జర్మనీలో బాన్ నగరం దగ్గర ఒబెర్‌కాసెల్ అనే చోట క్వారీలో పనిచేస్తున్నవాళ్ళకి రెండు అస్థిపంజరాలు దొరికాయి. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. ఎముకల మీద ఎర్రటి పొడి, పైన పెద్ద పెద్ద రాళ్ళు. వాళ్ళతోపాటు కొన్ని జంతువు ఎముకలు. వాటిని చాలాకాలం తోడేలువి అనుకుని పక్కన పెట్టేశారు. 1970ల చివర్లో మళ్ళీ చూసినప్పుడు అది కుక్క అని తేలింది. వయసు సుమారు 14,000 సంవత్సరాలు. అంటే వ్యవసాయం ఇంకా పుట్టలేదు. ఆవు, మేక, కోడి ఏదీ మనిషికి మచ్చిక కాలేదు. ఆ రోజుల కుక్క అది.

2018లో లూక్ యాన్సెన్స్ అనే పశువైద్యుడు, ఆయన బృందం దాని పళ్ళని మళ్ళీ పరిశీలించారు.

పంటి పైపొర ఎనామిల్ ఎలా తయారవుతుందో తెలిస్తేగాని ఈ కథ అర్థం కాదు. పూర్వం మన ఊళ్ళలో మట్టిగోడ ఎలా పెట్టేవారో గుర్తు తెచ్చుకోండి. బాగా తొక్కిన మట్టిని ఒక వరస పెడతారు. అది ఆరాక దాని మీద ఇంకో వరస. గోడ పెట్టే మనిషికి జ్వరం వస్తే ఆనాటి వరస పలచబడుతుంది, లేదా గుంటలు పడుతుంది. మర్నాడు కోలుకుని మంచి వరస పెట్టినా, కింద పలచబడ్డ వరస అలాగే ఉండిపోతుంది. పదేళ్ళ తర్వాత చూసినా ఆ గీత కనబడుతుంది.

ఎనామిల్ కూడా అచ్చం అలాగే, కాకపోతే తలకిందుల గోడ. పంటి కొన ముందు తయారవుతుంది, చిగురు వైపు భాగం చివర. చిగురు లోపల ఉన్నప్పుడే ప్రత్యేకమైన కణాలు వరుసగా నిలబడి పొర మీద పొర పేరుస్తాయి. మనిషి పంటిలో ఒక రోజు పొర మందం సుమారు 4 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ముందు మెత్తటి ప్రోటీను అచ్చు, తర్వాత దానిలోకి కాల్షియం, ఫాస్ఫేటు చేరి, చివరికి బరువులో 96 శాతం ఖనిజమైపోయిన, ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు ఉండవు. గోడ పూర్తికాగానే పనివాళ్ళు వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. అందుకే ఎనామిల్‌కి మరమ్మతు లేదు. ఎముక అలా కాదు, జీవితాంతం పాత భాగాన్ని కరిగించి కొత్తది కట్టుకుంటూ పాత గుర్తుల్ని చెరిపేస్తుంది. పన్ను చెరపదు.

దీన్ని మనం బడిలో ఎలా చెబుతున్నాం? కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు, దంత సూత్రం రాయుము, రెండు మార్కులు. నోట్లో ఉన్న ఒక్కో పన్ను మన చిన్నతనం తాలూకు డైరీ అని పిల్లలకు ఒక్క మాట చెబితే, ఆ సూత్రం వాళ్ళే ఇష్టంగా నేర్చుకుంటారు.

ఒబెర్‌కాసెల్ కుక్కపిల్ల పళ్ళ మీద అలాంటి పలచటి గీతలు కనిపించాయి. కుక్కల్లో ఏ పన్ను ఏ వారానికి ఎంతవరకు తయారవుతుందో పశువైద్యులకి తెలుసు కాబట్టి, గీత కొన నుంచి ఎంత దూరంలో ఉందో కొలిస్తే జబ్బు ఏ వయసులో వచ్చిందో చెప్పొచ్చు. మొదటి గీత 19వ వారం. తర్వాత కోరపన్ను మీద మాత్రమే ఇంకో రెండు గీతలు, 21వ వారంలో ఒకటి, 23వ వారంలో ఒకటి. చనిపోయింది 27, 28 వారాల మధ్య.

జబ్బు డిస్టెంపర్ అయి ఉండాలని వాళ్ళు తేల్చారు. కుక్కల్ని పెంచేవాళ్ళకి ఈ పేరు వింటేనే గుండె జారిపోతుంది. మన పిల్లలకొచ్చే తట్టు వైరస్‌కి ఈ వైరస్ దగ్గరి చుట్టం. ఎనామిల్ పేర్చే కణాలు, ముక్కు లోపలి పొర, పేగు లోపలి పొర అన్నీ ఒకే జాతి కణాలు, ఈ వైరస్ వాటి మీదే పడుతుంది. అందుకే పంటి మీద గీత పడుతుంది. జ్వరం, ముక్కు కారడం, వాంతులు, విరేచనాలు, తర్వాత ఫిట్స్. ఇప్పుడు సెలైన్ ఎక్కించినా చాలా పిల్లలు బతకవు. 14,000 ఏళ్ళ కిందట, చలి దేశంలో, వేటాడి తెచ్చుకుంటేనే తిండి ఉన్న మనుషుల మధ్య, ఒక అయిదు నెలల పిల్ల మూడుసార్లు పడిపోయి మూడుసార్లు లేచింది. దగ్గరుండి నీళ్ళు పట్టి, శుభ్రం చేసి, వెచ్చగా ఉంచినవాళ్ళు లేకపోతే అది జరిగే పని కాదని ఆ పరిశోధకుల మాట. ఆ వారాల్లో అది వేటకి పనికిరాదు, కాపలాకి పనికిరాదు.

చివరికి అది రోగంతోనే పోయిందా, పెద్దవాళ్ళ వెంట పంపాలని చంపారా అన్నది పన్ను చెప్పదు. మధ్యలో గడిచిన ఎనిమిది వారాలు మాత్రం చెరగవు. కుక్కని మనిషి వేట కోసమే మచ్చిక చేసుకున్నాడు అని ఎవరైనా చెబితే నాకు ఆ మూడు గీతలు గుర్తొస్తాయి.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కథ. ఎగువ ఈజిప్టులో హిరాకోన్‌పోలిస్ అనే చోట, పిరమిడ్లకి వెయ్యేళ్ళ ముందు, క్రీస్తు పూర్వం 3700 ప్రాంతంలో, పాలకుల సమాధుల చుట్టూ జంతువుల్ని పూడ్చారు. ఏనుగులు, నీటిగుర్రం, చిరుత, బబూన్లనే పెద్ద కోతులు, అడవి దున్నలు. ఏనుగుకి నార బట్ట కప్పారు. గోతులు చూస్తే ఎంత మర్యాదో అనిపిస్తుంది. ఎముకలు వేరే మాట చెబుతాయి. చాలా బబూన్లకి ముంజేతి ఎముకలు, చేతి ఎముకలు విరిగి అతుక్కుని ఉన్నాయి. లాఠీ పడబోతుంటే మనం చెయ్యి అడ్డం పెడతాం కదా, అప్పుడు ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక విరుగుతుంది. ఇవీ ఆ రకం దెబ్బలే. ఒక చిన్న నీటిగుర్రానికి కాలు విరిగి ఉంది, కట్టేసిన తాడు తెంపుకోవాలని పెనుగులాడి ఉంటుంది. విరిగిన ఎముక అతుక్కోవాలంటే వారాలు పడుతుంది. అంటే పట్టుకొచ్చి, కొట్టి, తిండి పెట్టి, వారాలో నెలలో బతికించి ఉంచారు. ఏనుగుని కూడా చెప్పుచేతల్లో పెట్టుకోగల పాలకుడి గొప్ప చూపించడానికి పెట్టిన సమాధులు అవి.

తవ్వకాల రిపోర్టుల్లో అంతుబట్టని ప్రతి గోతికీ "కర్మకాండ" అని రాసేయడం నాకు నచ్చదు. ఆ మాట రాశాక ఇంక ఎవరూ ఎముక వైపు చూడరు. ఇప్పటి ఇజ్రాయెల్‌లోని అష్కెలాన్ రేవులో పారశీకుల కాలంలో వెయ్యికి పైగా కుక్కల్ని ఒక్కొక్కదాన్ని విడివిడి గోతిలో పక్కకి పడుకోబెట్టి పూడ్చారు. దాన్ని రోగాలు నయంచేసే దేవుడి పూజతో ముడిపెట్టినవాళ్ళున్నారు. కత్తిగాట్లు లేవు, ఎక్కువ భాగం కూనలే, వీధికుక్కల్లో కూనలు సహజంగా అలాగే చనిపోతాయి అని ఎముకలు చూసినవాళ్ళు చెప్పారు. చంపలేదు, చచ్చినదాన్ని పారెయ్యలేదు. నాకు ఈ రెండో మాటే బరువైనదిగా కనిపిస్తుంది. పిల్లి ఎదురొచ్చిందని ప్రయాణం మానేసి ఆ పిల్లి మీద రాయి విసిరేవాళ్ళని ఈరోజుకీ చూస్తున్నాను. చూసినప్పుడల్లా ఆ కూనల గోతులు మనసులో మెదులుతాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే, రోమన్ల రేవు. 2011లో అక్కడ ఊరి చివర, పాత చెత్తదిబ్బ కింద జంతువుల శ్మశానం బయటపడింది. క్రీస్తు శకం 1, 2 శతాబ్దాలది. 2021లో పోలండ్‌కి చెందిన మార్తా ఒసిపిన్స్కా బృందం ఇచ్చిన లెక్క 585 జంతువులు. పిల్లులు 536, కుక్కలు 32, కోతులు 15, ఒక నక్క, ఒక డేగ. మమ్మీలు కావు, మెడలు విరవలేదు. కొన్ని పిల్లుల మెడలో పూసల దండ, ఇనప పట్టీ. ఒక పెద్ద కుక్కని ఈతాకు చాపలో చుట్టి, పైన పగిలిన జాడీ చెక్కలు కప్పారు.

అందులో పళ్ళు ఊడిపోయి, కీళ్ళు అరిగిన ముసలి కుక్కలున్నాయి. పన్ను ఊడిన గుంత నెలల మీద ఎముకతో పూడుకుపోతుంది. అలా పూడిన దవడ దొరికిందంటే పన్ను ఊడాక కూడా ఆ కుక్క చాలాకాలం బతికిందని. మెత్తటి తిండి ఎవరో పెట్టారని. అది ఎడారి రేవు. తిండి సామాను నైలు నది నుంచి 12 రోజుల ఒంటె ప్రయాణం చేసి రావాలి. అలాంటి చోట పళ్ళు లేని కుక్కకి ముద్ద పెట్టారు.

కోతుల సంగతి మన గుమ్మం దాకా వస్తుంది. మొదట ఆఫ్రికా కోతులనుకున్నారు, తర్వాత పుర్రెలు పోల్చి చూస్తే మన దేశానివని తేలింది. ఎర్రమూతి రీసస్ కోతులు కొన్ని, నడినెత్తిన జుట్టు టోపీలా పరుచుకునే కోతులు కొన్ని. ఈ రెండో రకం దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టదు. మిరియాలతోపాటు ఓడెక్కి సముద్రం దాటాయి. ఆ ఊళ్ళో మన దేశపు కూజాలో ఏడున్నర కిలోల మిరియాలు దొరికాయి, శాతవాహనుల నాణేలు రెండు దొరికాయి. కోతులు ఎక్కువగా చిన్న వయసులోనే చనిపోయాయి. ఒక కోతిపిల్లకి బట్ట కప్పి, తల దగ్గర రెండు పెద్ద ఆల్చిప్పలు పెట్టారు. కోతి చనిపోతే మేళతాళాలతో ఊరేగించి పూడ్చే ఊళ్ళు మనకీ ఉన్నాయి. ఆ రేవులో ఆ బట్ట కప్పిన చెయ్యి ఎవరిదో గానీ, నాకు పరాయిదిగా అనిపించలేదు.

టీచర్ గారికి ఇదంతా చెప్పి, ఆ పాపకి ఇంకో సంగతి కూడా చెప్పమన్నాను. ఎనామిల్ గట్టిపడేటప్పుడు తాగిన నీళ్ళలోంచి, తిన్న ఆకుల్లోంచి స్ట్రాన్షియం అనే మూలకం కొంచెం అందులో ఇరుక్కుంటుంది. దాని ఐసోటోపుల (అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) నిష్పత్తి అక్కడి రాయిని బట్టి మారుతుంది. దక్కన్ నల్లరాతి నేలకి తక్కువ, మన తెలంగాణ, రాయలసీమ గ్రానైటు నేలకి ఎక్కువ. బెరెనికే కోతిపిల్ల పంటిలోంచి ఆవగింజంత పొడి తీసి కొలిస్తే, అది చిన్నప్పుడు ఏ రకం రాతినేల మీద నీళ్ళు తాగిందో తెలుస్తుంది.