పీడీఎఫ్ పంపితే విన్‌మెయిల్.డ్యాట్ ఎందుకు వస్తుంది?

ఇన్‌వాయిస్ పీడీఎఫ్ పంపామని అవతలివాళ్లు చెబుతారు. మన మెయిల్లో మాత్రం విన్‌మెయిల్.డ్యాట్ అనే ఫైలు ఒక్కటే ఉంటుంది. నొక్కితే తెరుచుకోదు. మళ్లీ పంపమంటే మళ్లీ అదే వస్తుంది. పంపినవాళ్ల సెంట్ ఫోల్డర్లో పీడీఎఫ్ చక్కగానే కనిపిస్తుంది కాబట్టి తప్పు మన కంప్యూటర్‌దే అనుకుంటారు. నిజానికి సరిచేయాల్సింది పంపేవైపే.

అటాచ్‌మెంట్లు ఎలా పంపాలో చెప్పే మైమ్ ప్రమాణం 1992లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి ఫైలూ మెయిల్లో విడి భాగంగా, తన పేరుతో, తన రకంతో ప్రయాణిస్తుంది. ఏ మెయిల్ ప్రోగ్రామైనా దాన్ని చదవగలదు. మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామైన అవుట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్ ఫార్మాట్ ఎంచుకుని రాసిన మెయిల్ అలా వెళ్లకపోవచ్చు. అక్షరాల రంగులు, సైజులు, వోటింగ్ బటన్లు, జతచేసిన ఫైళ్లు అన్నిటినీ టీనెఫ్ అనే మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతిలో ఒకే మూటగా కడుతుంది. ఆ మూట పేరే విన్‌మెయిల్.డ్యాట్. అవతల కూడా అవుట్‌లుక్ ఉంటే విప్పుకుంటుంది, అక్కడివాళ్లకు మూట ఉన్న సంగతే తెలియదు. టీనెఫ్ తెలియని ప్రోగ్రామైతే మూటనే చూపిస్తుంది.

ఫైలు పేరు మార్చి చివర పీడీఎఫ్ అని పెట్టినా లాభం లేదు. ఫైలులోని బైట్లను అంకెల్లో చూపే హెక్స్ ఎడిటర్లో చూస్తే దాని మొదటి నాలుగు బైట్లు 78 9ఎఫ్ 3ఈ 22. ఇది టీనెఫ్ గుర్తు. ఆ తర్వాత ఒక్కో అంశం వరుసగా ఉంటుంది: అది మెయిల్‌దా అటాచ్‌మెంట్‌దా చెప్పే ఒక బైటు, అంశం గుర్తింపుకు నాలుగు, పొడవుకు నాలుగు, ఆపైన అసలు డేటా, చివర తప్పులు పట్టే రెండు బైట్ల మొత్తం. మీ పీడీఎఫ్ ఈ వరుసలో ఎక్కడో లోపల ఉంటుంది.

తెరిచే ముందు సైజు చూడండి. కొద్ది కేబీలే ఉంటే చాలాసార్లు లోపల అక్షరాల అలంకరణ తప్ప ఏమీ ఉండదు, వదిలేయవచ్చు. రావాల్సిన ఫైలంత బరువుంటే అది లోపలే ఉందన్నమాట. లినక్స్‌లో టీనెఫ్ పేరుతోనే ఒక కమాండ్ ఉంది. మ్యాక్‌లో టీనెఫ్స్ ఎనఫ్, థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాముకు లుకౌట్ యాడాన్ ఈ పని చేస్తాయి. వెబ్‌సైట్లలో అప్‌లోడ్ చేసి విప్పించుకోవచ్చు గానీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్ కాపీల విషయంలో ఆ పని దయచేసి చేయకండి. బయటికి తీసిన ఫైలును యాంటీవైరస్‌తో పరీక్షించాకే తెరవండి.

పంపేవాళ్లు అర్జెంటుగా ఒక్క మెయిల్ సరిచేయాలంటే, రాస్తున్న విండోలో ఫార్మాట్ టెక్స్ట్ ట్యాబ్‌కు వెళ్లి హెచ్‌టీఎంఎల్ ఎంచుకుంటే చాలు. జిప్ చేసి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు, జిప్ కూడా మూటలోకే పోతుంది. శాశ్వతంగా మార్చాలంటే విండోస్ క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్ అనే వరుసలో వెళ్లి, కంపోజ్ మెసేజెస్ దగ్గర హెచ్‌టీఎంఎల్ పెట్టాలి. అదే పేజీలో కిందికి దిగితే, ఇంటర్నెట్ చిరునామాలకు రిచ్ టెక్స్ట్ మెయిల్ పంపేటప్పుడు ఏం చేయాలని అడుగుతుంది. అక్కడ కన్వర్ట్ టు హెచ్‌టీఎంఎల్ ఫార్మాట్ ఎంచుకోవాలి.

ఇంత చేసినా ఒక్క మనిషికి మాత్రం డ్యాట్ ఫైలే వెళుతుంటుంది. చాలామంది విసిగిపోయేది ఇక్కడే. ఆ చిరునామాకు మాత్రమే రిచ్ టెక్స్ట్ అని విడిగా ఒక సెట్టింగ్ ఉండిపోవడం దీనికి కారణం. కాంటాక్ట్‌లో ఈమెయిల్ చిరునామాను డబుల్ క్లిక్ చేసి, ఇంటర్నెట్ ఫార్మాట్ దగ్గర నిర్ణయాన్ని అవుట్‌లుక్‌కే వదిలే ఆప్షన్ పెట్టాలి. టూ గడిలో పేరు కొడుతుంటే కింద కనిపించే జాబితాలోనూ పాత సెట్టింగ్ దాగి ఉండవచ్చు. ఆ పేరు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేసి, చిరునామా మొత్తం కొత్తగా టైప్ చేయాలి. తర్వాత అవుట్‌లుక్ వాడని ఒక మెయిల్‌బాక్స్‌కు పరీక్షగా పంపి, అక్కడ తెరిచి చూడాలి.

ఆఫీసులో అందరి మెయిళ్లూ ఇలాగే వెళుతుంటే మూలం ఆఫీసు మెయిళ్లను నడిపే మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ సర్వర్లో ఉంటుంది. అడ్మిన్ మెయిల్ ఫ్లోలోని రిమోట్ డొమైన్స్ తెరిచి, డీఫాల్ట్ డొమైన్‌కు రిచ్ టెక్స్ట్ వాడకాన్ని నెవర్ అని మార్చాలి. బతిమాలైనా ఈ మార్పు చేయించడం మంచిది. పంపినవాళ్ల లాగిన్ పేరు, వాళ్ల కంప్యూటర్లో పీఎస్టీ (అవుట్‌లుక్ మెయిళ్లను దాచుకునే) ఫైలు ఉన్న చోటు కూడా విన్‌మెయిల్.డ్యాట్‌లో చేరి బయటికి పోతాయని మైక్రోసాఫ్టే చెబుతోంది. మామూలు టెక్స్ట్ ఎడిటర్లో తెరిచినా అవి చదవవచ్చు.