బరువు వాడిదే, వంటిల్లు అందరిదీ

మా వాడి మెడ వెనక నల్లటి చార పడింది. ఎండలో ఆడి మట్టి పట్టిందనుకున్నాం. ఆదివారం ఆదివారం మా అత్తయ్య నలుగుపిండి పెట్టి గట్టిగా రుద్దేవారు. మంటెక్కి వాడు ఏడ్చేవాడు తప్ప చార పోయేది కాదు. కొన్నాళ్ళకు జ్వరమని తీసుకెళ్తే, పిల్లల డాక్టరు జ్వరం సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసి, మెడ మీద వేలితో రాసి చూశారు. తర్వాత వాణ్ణి బరువు తూచి, గోడకి ఆనించి ఎత్తు కొలిచారు.

అది మట్టి కాదు. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినవు. చాలట్లేదని క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. రక్తంలో అలా ఎక్కువైన ఇన్సులిన్ చర్మకణాలను అవసరానికి మించి పెంచుతుంది. మెడ దగ్గర, చంకల్లో చర్మం మందంగా, నల్లగా, ముట్టుకుంటే ముఖమల్‌లా తయారవుతుంది. షుగరు వచ్చేసిందని కాదు, ఆ దారి పట్టామని ఒళ్ళు ముందుగా చెప్పే కబురు. నేను బళ్ళో జీవశాస్త్రం చెబుతాను. ఏటేటా ఇన్సులిన్ పాఠం చెబుతూ కూడా నా కొడుకు మెడ మీద దాన్ని గుర్తుపట్టలేకపోయాను. మా విజయనగరంలోనూ, పక్కన శ్రీకాకుళంలోనూ ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఇలాగే మెడలు రుద్దుతూ ఉంటారని నాకు అనుమానం. ఇది రాయడానికి అదే కారణం.

వాడికప్పుడు పదేళ్ళు. ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు. బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. మా వాడిది 23.6. పెద్దవాళ్ళ విషయంలో ఈ అంకె చూసి ఎవరూ పెద్దగా కంగారుపడరు. పిల్లలకు ఆ లెక్క పనికిరాదు. వయసునీ, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్నీ బట్టి చార్టులో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో పదేళ్ళ మగపిల్లాడికి మధ్యలో ఉండే బీఎంఐ 16.4. 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే స్థూలకాయం. థైరాయిడ్ ఏమో అని నేను ఆశగా అడిగాను. హార్మోన్ లోపం వల్ల లావయ్యే పిల్లలు సాధారణంగా ఎత్తు సరిగా పెరగరనీ, వీడు ఎత్తు బాగానే పెరుగుతున్నాడనీ డాక్టరు చెప్పారు. అయినా రక్తపరీక్షలు, బీపీ, లివరు చూశారు. రాత్రి గురక పెడతాడా అని కూడా అడిగారు.

ఇంటికి రాగానే నేను చేసిన పని వాడికి వేరే వంట మొదలుపెట్టడం. మేమందరం అన్నం, బంగాళాదుంప వేపుడు తింటుంటే వాడి కంచంలో రెండు పుల్కాలు, ఉప్పూ కారం లేని ఆనపకాయ. “ఎదిగే గుంటడికి తిండి తగ్గిస్తావేటమ్మా?” అని అత్తయ్య బాధపడ్డారు. నేను వినలేదు. భీమాలి నుంచి తెచ్చుకున్న మామిడి తాండ్ర డబ్బా అటక ఎక్కించేశాను. మూడో వారంలో ఒక మధ్యాహ్నం లేచి చూస్తే, వాడు బీరువా పక్కన నేల మీద కూర్చుని తాండ్ర ముక్కలు నమలకుండా మింగుతున్నాడు. స్టూలు తలుపు వెనక దాచి ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. సొంత ఇంట్లో పదేళ్ళ పిల్లాడు దొంగలా కూర్చునేలా చేసింది నేనే.

తర్వాత చదివాను కాబట్టి ఇప్పుడు చెప్పగలను, అది వాడి బలహీనత కాదు. అమెరికాలో జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ 1999లో చిన్నపిల్లల మీద చేసిన పరిశీలన ఒకటుంది. ఒక చిరుతిండిని కళ్ళెదురుగా పెట్టి, కొద్దిసేపు మాత్రమే తీసుకోనిచ్చారు. అలాంటిదే ఇంకొకటి ఎప్పుడు కావాలన్నా తినొచ్చు. పిల్లల మనసంతా అడ్డుపెట్టిన దాని మీదికే పోయింది. దాని గురించే మాట్లాడారు, దాన్నే అడిగారు. ఇటువైపు మరో సంగతి కూడా బర్చ్ బృందం చూపించింది. కంచం ఖాళీ చెయ్యమని పదే పదే పోరితే, కడుపు నిండిందన్న కబురును పిల్లలు పట్టించుకోవడం తగ్గిపోతుంది. అంటే నేను దాచిపెట్టడమూ తప్పే, “ఇంకొక్క ముద్ద” అంటూ అత్తయ్య వెంటపడడమూ తప్పే. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు దీన్ని సులువుగా పంచి చెప్పారు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నది పెద్దవాళ్ళ పని. పెట్టినదాంట్లో ఎంత తినాలి అన్నది పిల్లల పని.

ఇల్లంతా మారాలన్న ఆలోచన కొత్తది కాదు. లెనార్డ్ ఎప్‌స్టీన్ అనే శాస్త్రవేత్త 1970ల చివరి నుంచీ దీని మీదే పనిచేస్తున్నారు. ఆయన బృందం 1990లో పదేళ్ళ ఫలితాలు ప్రచురించింది. లావుగా ఉన్న 6 నుంచి 12 ఏళ్ళ పిల్లల్నీ వాళ్ళ అమ్మానాన్నల్నీ మూడు గుంపులు చేశారు. తిండి గురించి, వ్యాయామం గురించి అందరికీ చెప్పింది ఒకటే. ప్రోత్సాహం ఎవరికన్నదే తేడా. ఒక గుంపులో పిల్లలూ పెద్దలూ ఇద్దరూ మారితే మెచ్చుకున్నారు. రెండోదాంట్లో పిల్లలు మారితే చాలన్నారు. మూడోదాంట్లో ఊరికే మీటింగులకు వచ్చినందుకు మెచ్చుకున్నారు. పదేళ్ళు గడిచాక, ఉండాల్సిన బరువు కన్నా ఎంత శాతం ఎక్కువున్నారని లెక్క చూశారు. పెద్దలతో కలిసి మారిన పిల్లలకు ఆ ఎక్కువ 7.5 శాతం తగ్గింది. ఒంటరిగా మారమన్న పిల్లలకు 4.5 శాతం పెరిగింది. మూడో గుంపుకు 14.3 శాతం పెరిగింది. పదేళ్ళంటే అప్పటి చిన్నపిల్లలు కాలేజీ వయసుకొచ్చేశారు. నాకు ఈ లెక్కల్లో మిగతా వాటికన్నా మధ్య గుంపే గుచ్చుకుంది. నేను మా ఇంట్లో చేసింది సరిగ్గా అదే.

ఇజ్రాయెల్‌లో మోరియా గోలన్ ఇంకో అడుగు ముందుకు వేశారు. లావుగా ఉన్న 60 మంది పిల్లల కుటుంబాలను తీసుకుని, సగం మంది విషయంలో పిల్లల్ని అసలు పిలవకుండా అమ్మానాన్నలకే తరగతులు పెట్టారు. పిల్లలకు నేరుగా చెప్పిన గుంపు కన్నా వీళ్ళ పిల్లలకే బరువు విషయంలో ఎక్కువ మేలు జరిగింది. ఆలోచిస్తే వింతేమీ లేదు. బజారు సంచి మోసేది పిల్లాడు కాదు, బాణలిలో నూనె పోసేదీ పిల్లాడు కాదు.

ఇక్కడ చాలామంది తల్లులకు తెలియని లెక్క ఒకటుంది. పెద్దవాళ్ళు బరువు తగ్గాలి, ఎదిగే పిల్లలు చాలాసార్లు బరువు నిలబెట్టుకుంటే చాలు. ఎత్తు దాని పని అది చేస్తుంది. మా వాడు 45 కిలోల దగ్గరే ఉండి ఏడాదిలో ఆరు సెంటీమీటర్లు పెరిగితే బీఎంఐ 21.7 అవుతుంది. ఇంకో ఆరు పెరిగి 150కి చేరితే సరిగ్గా 20. ఒక్క కిలో తగ్గనక్కర్లేదు! ఈ మాట విన్నాక నా టెన్షన్ సగం దిగిపోయింది. బరువు మరీ ఎక్కువున్న పిల్లల సంగతి వేరు, వాళ్ళకి డాక్టరే నిర్ణయించాలి. తిండి మాన్పించడం మాత్రం ఏ పిల్లాడికీ పనికిరాదు. ఎముక, కండ, ఎత్తు అన్నీ ఆ తిండిలోంచే రావాలి.

వేరే వంట ఆపేశాను. ఎప్‌స్టీన్ వాడిన ట్రాఫిక్ లైటు పద్ధతిని మా వంటకాలతో రాసుకున్నాం. మా ఆరేళ్ళ అమ్మాయి రంగులు వేసింది. తోటకూర, బచ్చలి, బీరకాయ, ఆనపకాయ, జామకాయ, పల్చటి మజ్జిగ ఆకుపచ్చ. అన్నం, పప్పు, ఇడ్లీ, గుడ్డు, చేపల పులుసు, చోడి (రాగి) అంబలి పసుపు, అంటే కావాల్సినవే కానీ కొలత ఉంచుకోవాల్సినవి. పునుగులు, చిప్స్, కూల్ డ్రింకులు, బండి మీద ఫ్రైడ్ రైసు, అరిసెలు, తాండ్ర ఎరుపు. ఎరుపంటే నిషేధం కాదు, వారంలో ఎన్నిసార్లో లెక్కపెట్టుకోవడం. ఆవకాయ అన్నం దగ్గర పెద్ద వాదన జరిగింది. ఊటలో నూనె ఎంతుందో చూపించి మా అమ్మాయి ఎరుపు అంది, అత్తయ్య ఒప్పుకోలేదు. చివరికి సగం పసుపు, సగం ఎరుపు వేశాం. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఇంకా ఉంది, కాస్త నూనె మరకలతో.

నూనె సంగతి అప్పుడే లెక్కేశాం. పెద్ద చెంచాడు నూనె అంటే దాదాపు 120 కేలరీలు. నెలకు ఆరు ప్యాకెట్లు అయ్యేవి, ఇప్పుడు నాలుగు. కూల్ డ్రింకు 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది. రోజంతటికీ అంతకు మించకుండా ఉంటే మేలని చెప్పే హద్దును ఒక్క సీసా దాటించేస్తుంది. అవి ఇంటికి తేవడం మానేశాం. ఇంట్లో లేని వస్తువు కోసం ఎవరూ ఎవరితోనూ గొడవపడక్కర్లేదు.

మా అత్తయ్యను ఒప్పించడానికి లెక్కలు పనికిరాలేదు. ఆవిడ భయం వేరు. చిన్నప్పుడు పూటకి ఇంత అంబలి దొరికితే చాలనుకున్న ఇంట్లో పెరిగారు. బిడ్డ బొద్దుగా ఉంటే ఇల్లు గట్టెక్కినట్టు ఆవిడకి. ఆ భయం అబద్ధం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో అధిక బరువున్న పిల్లలు అంతకుముందున్న 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగారు. రెండూ ఒకే వీధిలో ఉంటాయి. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 2003లో ప్రచురించిన పోలిక దీని వెనకున్న కథ చెబుతుంది. పుణె పసిబిడ్డలు పుట్టినప్పుడు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ, అవయవాలు చిన్నవి. చర్మం కింది కొవ్వు మాత్రం ఆ మేరకు తక్కువ లేదు. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. అందుకే మన పిల్లలకు కొంచెం లావుతోనే షుగరు ముప్పు ముందుకొస్తుంది.

ఆవిడకి ఒక పని అప్పగించాను: ఉదయం చోడి అంబలి, వారానికి రెండుసార్లు గంటి (సజ్జ) అన్నం. చోళ్ళలో కేలరీలు బియ్యం కన్నా ఏమంత తక్కువ కాదు, అదేదో మందు అనుకోకూడదు. కానీ పీచు ఉంది, వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. వాటికన్నా ముఖ్యంగా, మనవడికి ప్రేమగా పెట్టడానికి ఆవిడ చేతిలో ఏదో ఒకటి ఉంది. “ఇంకొక్క ముద్ద” దానంతట అదే తగ్గింది.

మా ఆయన సాయంత్రం మూడు లాంతర్ల కూడలిలో పకోడీ పొట్లం కట్టించుకుని వచ్చేవారు. ఆ పొట్లం ఆగడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు తండ్రీకొడుకులు పెద్దచెరువు గట్టు మీద నడుస్తారు. పిల్లలకు రోజుకు గంట ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, కానీ “వెళ్ళి ఆడుకో” అంటే ఎవడూ కదలడు. ఎప్‌స్టీన్ బృందం 1995లోనే దీనికి దారి చూపింది. వ్యాయామం చేసినందుకు మెచ్చుకున్న పిల్లల కన్నా, టీవీ ముందు కూర్చోవడం తగ్గించినందుకు మెచ్చుకున్న పిల్లలకు ఏడాది తర్వాత ఎక్కువ ఫలితం కనిపించింది. అన్నం తినేటప్పుడు ఫోన్లు నాలుగూ టీవీ మీద పెట్టేస్తాం, మావి కూడా. పది గంటలకు ముందే దీపాలు ఆర్పేస్తాం. బడి వయసు పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. బహుమతిగా తిండీ డబ్బూ వద్దనుకున్నాం. ఏం కావాలని అడిగితే మా వాడు కోరింది ఆదివారం పొద్దున నాన్న ఒక గంట బౌలింగ్ వెయ్యాలని.

ఒక్కటి మాత్రం మొదటిరోజే ఆపాల్సింది, ఆలస్యంగా ఆపాం. బంధువుల్లో ఒకరు వాణ్ణి “బండోడా” అని పిలిచేవారు. ముద్దుగానే. ఇంట్లోవాళ్ళే బరువు మీద ఆటపట్టించే పిల్లలు దాచుకుని తినడం, మరింత లావవడం పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన విషయం. బీరువా పక్కన నేను చూసింది అదేనేమో. మా ఆయన ఆ బంధువుకి ఫోన్ చేసి మర్యాదగా చెప్పారు.

ఏడాదికి వాడు 144 సెంటీమీటర్లు, 46 కిలోలు. బీఎంఐ 22.2. పదకొండేళ్ళకు స్థూలకాయం గీత 22.5, దాని కిందికి దిగాడు. మెడ మీద చార పలచబడింది, పూర్తిగా పోలేదు. మా అమ్మాయి సన్నగానే ఉంది, కానీ అన్నకి పెట్టిందే తింటోంది. ఇల్లంతా కలిసి మారే ఈ పద్ధతి మీదే అమెరికాలో 452 కుటుంబాలతో చేసి 2023లో ప్రచురించిన పరిశోధనలో కూడా చికిత్స ఇవ్వని తోబుట్టువుల బరువు సైతం మెరుగుపడింది. ఈ పద్ధతికి కనీసం 26 గంటల సలహా, తోడు కావాలని అక్కడి నిపుణుల మాట. మన ఊళ్ళలో అన్ని గంటలు ఏ ఆస్పత్రి ఇవ్వగలదు? ఆ పనిలో కొంతైనా బడి చెయ్యొచ్చని నా నమ్మకం.

మా బళ్ళో హెల్త్ చెకప్ రోజున పిల్లల్ని వరసలో నిలబెట్టి, బరువు పైకి చదివేవాళ్ళం, ఒకరు రాసుకునేవారు. 45 అనగానే వరసంతా నవ్వేది. ఇప్పుడు పైకి చదవడం మానేశాం. ఎత్తూ బరువూ రెండూ కార్డు మీద రాసి, మడిచి, అమ్మానాన్నలు బడికి వచ్చినప్పుడు వాళ్ళ చేతికే ఇస్తున్నాం. కార్డు ఇచ్చేటప్పుడు పిల్లల మెడ కూడా ఒకసారి చూడమని చెబుతున్నాను.